సారె అంచుకు బరువెందుకు

కుమ్మరి సారెను కాటాలో పెట్టి తూచితే దాని సంగతి సగమే తెలుస్తుంది. మిగతా సగం తెలియాలంటే ఆ బరువు ఎక్కడుందో చూడాలి. చిత్తూరు జిల్లా పెద్దపంజాణికి పొరుగునున్న పలమనేరు మట్టిపనికి పేరుమోసిన ఊరు. ఆ జిల్లాలో టెర్రకోట అనగానే ముందుగా వినిపించే పేరు అదే. ఆ పనికి ఆధారమైన పాతకాలపు సారెను చేసే తీరొకటి ఉంది. నడుమ చిన్న కుంభం, దాన్నుంచి బండిచక్రానికున్నట్టు చెక్క ఆకులు, వాటి చివర మందపాటి అంచు. ఆ అంచుకు పీచు కలిపిన మట్టిని దట్టంగా మెత్తి ఆరబెడతారు. ఆకుల దగ్గర వీలైనంత తేలిక, అంచు దగ్గర వీలైనంత బరువు. చక్రం విరగకుండా ఉండటానికే అయితే ఈ ఏర్పాటు తలకిందులుగా ఉందనాలి. గట్టిగా ఉండాల్సిన నడుమభాగం పలచగా ఉంది, ఏ భారమూ మోయని అంచుకేమో మట్టి మోపారు. భౌతికశాస్త్రం పుస్తకం తెరవని చేతులు ఈ ఏర్పాటుకు ఎలా వచ్చాయో చెప్పడం చరిత్రకారుల పని. అది ఎందుకు సరైనదో చెప్పడం మాత్రం భౌతికశాస్త్రం పని. తిరిగే వస్తువు విషయంలో ఎంత బరువన్న ప్రశ్న కన్నా ఇరుసుకు ఎంత దూరంలో ఉన్న బరువన్న ప్రశ్నే పెద్దది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఈ మాటకు ఎదురయ్యే అభ్యంతరాలు తక్కువేమీ కావు, వాటిలో ఒకటి ఈ మాటనే సవరించుకునేలా చేస్తుంది కూడా.

నేరుగా పోయే బండిలో ప్రతి మేకూ ప్రతి చెక్కా ఒకే వేగంతో పోతాయి. తిరిగే చక్రంలో అలా కుదరదు. చక్రం ఒక చుట్టు తిరిగితే దాని మీది ప్రతి చుక్కా ఒక చుట్టే తిరుగుతుంది, కానీ ఇరుసు పక్కనున్న చుక్క నడిచిన దారి జానెడైతే అంచునున్న చుక్క నడిచిన దారి బారెడు. అన్నిటికీ దక్కిన సమయం ఒకటే కనుక దూరంగా ఉన్నది ఎక్కువ వేగంతో పోక తప్పదు. దూరం రెట్టింపైతే వేగం రెట్టింపు. ఇక్కడిదాకా ఎవరూ కాదనరు. అసలు మలుపు తర్వాతిది. కదిలే వస్తువులోని శక్తి దాని వేగాన్ని బట్టి కాక వేగ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఒక ముద్ద మట్టిని ఇరుసుకు రెండింతల దూరానికి జరిపితే అది దాచుకునే శక్తి నాలుగింతలు అవుతుంది, మూడింతల దూరానికి జరిపితే తొమ్మిదింతలు. ప్రతి ముద్ద బరువును దాని దూరపు వర్గంతో గుణించి, అన్నిటినీ కూడితే వచ్చేదాన్ని మన పాఠ్యపుస్తకాలు జడత్వ భ్రామకం అంటాయి. పేరు భయపెట్టేలా ఉన్నా లోపలున్నది ఈ కూడికే.

అంకెలు వేసి చూద్దాం. పాతిక కిలోల బరువు, 40 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న సారె నిమిషానికి 100 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఆ బరువు పళ్లెంలా అంతటా సమంగా పరచుకుని ఉంటే అందులో నిలవున్న శక్తి సుమారు 110 జౌళ్లు. అదే పాతిక కిలోలు అంచుకే చేరి ఉంటే దాదాపు 220 జౌళ్లు. పది కిలోల నీళ్లబిందెను నేల మీంచి రెండు మీటర్లకు కాస్త పైన ఉన్న అటక మీదికి ఎత్తడానికి పట్టే శక్తి ఇది. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ కుమ్మరికి కావలసినది కూడా పెద్ద మొత్తం కాదు. ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో మట్టిని పట్టుకున్న వేళ్లు అరకిలో బరువంత ఒరిపిడి పెడుతున్నాయని, సారె ఆని తిరిగే మొన దగ్గరి ఒరిపిడి లెక్కలోకి రానంత తక్కువని అనుకుంటే పళ్లెం లాంటి సారె వేగం సగానికి పడిపోవడానికి 21 సెకన్లు పడుతుంది, అంచుబరువు సారెకు 42 సెకన్లు పడుతుంది. కాటా దృష్టిలో రెండూ ఒకటే. కుండ గోడను పైకి లాగుతున్న చేతికి మాత్రం ఒకటి రెండోదానికి రెట్టింపు.

మరి తిప్పేటప్పుడు రెట్టింపు కష్టం పడాలి కదా, లాభమేముంది? ఇది న్యాయమైన ప్రశ్నే. కష్టం నిజంగానే రెట్టింపు. పెట్టిన శక్తికి మించి ఒక్క జౌలు కూడా సారె తిరిగివ్వదు, మొన దగ్గరి ఒరిపిడికి కొంత పోగొట్టుకుని మిగిలినదే ఇస్తుంది. కానీ ఆ కష్టం ఎప్పుడు పడుతున్నామన్నది చూడాలి. కర్రను అంచు దగ్గరి గుంటలో పెట్టి సారెను తిప్పేటప్పుడు కుమ్మరి రెండు చేతులా, నడుమూ భుజాలూ కలిపి బలం పెడతాడు. కొన్ని సెకన్ల పని అది. అక్కడ నాజూకుతనం అక్కర్లేదు. ఆ కర్ర ఇరుసు పక్కన కాక అంచు దగ్గర పెట్టడంలోనూ దూరం పాత్రే ఉంది, ఎందుకంటే తిప్పే సత్తువ అంటే బలాన్ని ఇరుసు నుంచి ఉన్న దూరంతో గుణించినది. తర్వాత కర్ర పక్కన పెట్టి మట్టి మీద చేతులు వేసినప్పుడు కావలసినది నాజూకుతనం మాత్రమే. మొరటు పనినీ నాజూకు పనినీ ఒకే చేయి ఒకే క్షణంలో చేయలేదు కనుక ముందు చేసిన మొరటు పనిని దాచిపెట్టి తర్వాత కొంచెం కొంచెంగా ఇచ్చే ఏర్పాటు కావాలి. సారె అంచు చేసేది అదే. ఇంకో లాభం, నా దృష్టిలో ఇదే అసలుది, వేగంలో నిలకడ. వేళ్ల ఒత్తిడి కాసేపు పెరిగినా తగ్గినా బరువైన అంచు దాన్ని పట్టించుకోదు. గోడ పలచబడుతున్నప్పుడు సారె ఉన్నట్టుండి జోరు తగ్గితే ఆ కుదుపు మట్టిలో మెలికగా మిగిలిపోతుంది.

ఇదే ఏర్పాటును ఈ ప్రాంతపు రైతులు మరో రూపంలో ఎరుగుదురు. కరెంటు మోటార్లు రాకముందు బావుల దగ్గరా, బెల్లం గానుగల దగ్గరా పనిచేసిన ఆయిల్ ఇంజన్ల పక్కన పోత ఇనుముతో చేసిన పెద్ద చక్రం ఉండేది. దానిలోనూ ఆకులు సన్నం, అంచు లావు. ఒకే సిలిండరున్న ఆ ఇంజన్ రెండు చుట్లకు ఒక్కసారే మండుతుంది. అంటే నాలుగు పోట్లలో ఒకటి మాత్రమే బలం ఇస్తుంది, తక్కిన మూడూ తినేవే. గాలిని లోపలికి పీల్చుకోవాలి, నొక్కాలి, పొగను బయటికి తోయాలి. ఆ మూడు పోట్లలో ఇంజన్‌ను ఆగిపోకుండా లాక్కుపోయేది ఆ చక్రమే. నిమిషానికి 650 చుట్లు తిరిగే నెమ్మది ఇంజన్లకు అంత పెద్ద చక్రం, వేగంగా తిరిగే ఇంజన్లకు చిన్న చక్రం ఉండటానికి కారణం కూడా పై లెక్కలోనే ఉంది. నెమ్మదిగా తిరిగేదానికి వేగం నుంచి దక్కని శక్తిని దూరం నుంచీ బరువు నుంచీ రాబట్టుకోవాలి.

ఇదంతా బరువు మహిమే, దూరానిది కాదు అనేవారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. వాలుగా పెట్టిన నున్నటి పలక మీద ఒక గాజునూ ఒక నాణేన్నీ ఒకేసారి దొర్లించండి. గాజు బంగారానిదైనా, మట్టిదైనా, నాణెం చిన్నదైనా, పెద్దదైనా, జారకుండా దొర్లినంత కాలం నాణెమే గెలుస్తుంది. లెక్క ప్రకారం నాణేనికి ఒక సెకను పట్టే దారిలో గాజుకు సుమారు 1.15 సెకన్లు పడుతుంది, ఆ లెక్కలోంచి బరువూ వ్యాసార్ధమూ రెండూ కొట్టివేతకు పోతాయి. మిగిలేది ఒక్కటే, పదార్థం ఏ భాగంలో ఎంత పరచుకుందన్నది. గాజులో అంతా అంచునే ఉంది. అందువల్ల కిందికి దిగుతూ సంపాదించిన శక్తిలో సగం తిరగడానికే పోతుంది, నాణెంలో మూడోవంతే పోతుంది. బరువు పూర్తిగా పక్కకు తప్పుకున్నాక కూడా తేడా నిలబడిందంటే ఆ తేడా బరువుది కాదనేగా.

ఇంకొందరు కరెంటు సారెను చూపి అడుగుతారు. ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ్ పేరుతో మొదలుపెట్టిన పథకం ద్వారా దేశమంతటా కుమ్మరులకు పంచుతున్న సారెలకు బరువైన అంచు లేదు. చిన్న లోహపు పళ్లెం, కింద మోటారు, అంతే. అంచుబరువు అంత గొప్పదైతే కొత్త యంత్రం దాన్ని ఎందుకు వదిలేసింది? వదిలేసింది కాబట్టే మన వాదం మరింత గట్టిపడుతోంది. మోటారు ప్రతి క్షణమూ శక్తిని అందిస్తూనే ఉంటుంది. రోజూ కూలి చేతికందే ఇంట్లో గాదె అక్కర్లేనట్టు, ఇక్కడ నిలవ అక్కర్లేదు. పైగా వేగాన్ని ఎప్పటికప్పుడు మార్చుకోవాలంటే బరువైన అంచు అడ్డం. దాన్ని తిప్పడం ఎంత కష్టమో ఆపడమూ అంతే కష్టం. జడత్వ భ్రామకం మంచిదా చెడ్డదా అన్నదానికి ఒక్క సమాధానం లేదు, అది ఏ పనికి అన్నదాన్ని బట్టే తేలుతుంది. పాత సారెను మోటుదనీ, కొత్తదాన్ని తెలివైనదనీ తేల్చేసేవాళ్లు ఈ సంగతి గమనించడం లేదు. రెండూ ఒకే సూత్రానికి రెండు సరైన జవాబులు.

సారె మీది మట్టి వైపు చూస్తే దూరం ఇంకో పాత్రలో కనిపిస్తుంది. వెడల్పాటి మూకుడును చేస్తూ అంచును బయటికి జరుపుతున్నకొద్దీ సారె వేగం తగ్గించకపోతే గోడ వాలిపోతుంది, ఒక్కోసారి చీలిపోతుంది. గుండ్రటి దారిలో పోయే ఏ వస్తువునైనా ప్రతి క్షణం లోపలికి లాగుతూ ఉండాలి, లేకపోతే అది తిన్నగా తన దారిన పోతుంది. ఆ లాగుడును అభికేంద్ర బలం అంటాం. నిమిషానికి 100 చుట్ల దగ్గర, ఇరుసుకు తొమ్మిది సెంటీమీటర్ల దూరంలో ఉన్న మట్టికి కావలసిన లాగుడు దాదాపు దాని బరువంత ఉంటుంది. పద్దెనిమిది సెంటీమీటర్లకు పోతే దాని బరువుకు రెండింతలు. తడిమట్టి తన అంటుతోనే ఆ లాగుడును ఇచ్చుకోవాలి, ఇవ్వలేని చోట గోడ తెగుతుంది. ఊడిన ముక్క ఇరుసు నుంచి తిన్నగా బయటికి కాక ఊడిన క్షణంలో అంచు పోతున్న దిశలో, చక్రానికి స్పర్శరేఖలా పోతుంది. అపకేంద్ర బలమనేది నిజంగా బయటికి తోస్తున్నట్లయితే అది తిన్నగా బయటికే పోవాలి కదా. అందుకే బడిలో ఆ బలం లేనే లేదని చెబుతారు. ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. నేల మీద నిలబడి చూసేవాడికి అది లేదు. సారెతో పాటే తిరుగుతున్న చీమకు మాత్రం ఉంది, ఆ చీమ తన లెక్కల్లో దాన్ని వేసుకోకపోతే ఒక్క లెక్కా సరిపోదు. ఇంజనీర్లు రోజూ చీమ పక్షానే లెక్కలు వేస్తారు, తప్పేమీ లేదు.

పెద్దపంజాణి, పుంగనూరు, కుప్పం వైపు రైతుకు ఈ లెక్క బోరుబావి రూపంలో ఎదురవుతుంది. టమాటాకైనా మల్బరీకైనా ఇక్కడ నీళ్లు ఎక్కువగా బోర్ల నుంచే రావాలి, ఆ బోర్లు వెయ్యి అడుగుల దాకా పోయిన ఊళ్లు ఈ పడమటి మండలాల్లో కొత్త కాదు. మోటారు కొనేటప్పుడు ఎన్ని హార్స్‌పవర్ అని అడిగినట్టే ఎన్ని స్టేజీలు అని కూడా అడుగుతారు. స్టేజీలెందుకు? పంపులో తిరిగే రెక్కల చక్రం నీటిని నడుమ నుంచి అంచుకు విసురుతుంది. అంచు దగ్గర నీరు అందుకున్న వేగమే తర్వాత ఒత్తిడిగా మారి నీటిని పైకెత్తుతుంది. ఎంత ఎత్తుకు అన్నది అంచు వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారి తిరిగొచ్చేది కనుక ఈ మోటార్లు నిమిషానికి 3000 చుట్లు దాటలేవు, నిజానికి 2850 దగ్గర తిరుగుతాయి. ఆరు అంగుళాల బోరులో మోటారు తొడుగు, పంపు గోడ పోగా రెక్కల చక్రానికి మిగిలే వ్యాసం పది సెంటీమీటర్ల దరిదాపు. అప్పుడు అంచు వేగం సెకనుకు 15 మీటర్లు. నష్టాలేవీ లేకపోతే ఆ వేగం నీటిని 23 మీటర్లు ఎత్తగలదు, నిజంలో అందులో సగం దక్కితే మేలే. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. ఒకటి ఇచ్చిన ఒత్తిడిని మరొకటి అందుకుని పెంచేలా, ఒకే ఇరుసు మీద పాతిక చక్రాల్ని పేర్చుకోక తప్పదు.

చక్రం వ్యాసం ఇరవై సెంటీమీటర్లయితే ఒక్కో చక్రం నాలుగింతల ఎత్తుకు తోస్తుంది, పాతిక చక్రాల చోట ఆరేడు సరిపోతాయి. అంతటి చక్రం పట్టే బోరు వేయాలంటే రాతిలో తవ్వే గుంత కూడా వర్గం లెక్కనే పెరుగుతుంది, ఖర్చు భరించలేం. పాతకాలపు తెరిచిన బావిలో ఈ ఇరుకు లేదు, అందుకే గట్టు మీది మోటారుకు వెడల్పాటి ఒక్క చక్రంతోనే పని జరిగిపోయేది. బోరు మనకు ఇచ్చింది లోతు, లాక్కున్నది వ్యాసార్ధం. పోగొట్టుకున్న వ్యాసార్ధాన్ని స్టేజీల సంఖ్యతో కొనుక్కుంటున్నాం. దీనివల్ల కరెంటు ఆదా అవుతుందా అంటే, కాదు. లీటరు నీటిని 305 మీటర్లు ఎత్తడానికి సుమారు 3000 జౌళ్లు పెట్టాల్సిందే, చక్రం ఒకటైనా, పాతికైనా.

ఇప్పుడు ముందే చెప్పిన ఆ చివరి అభ్యంతరం. ఇరుసుకు దూరమే అన్నిటికీ మూలమైతే ఇరుసుకు అన్నిటికన్నా దూరంగా ఉన్నది భూమితో పాటు తిరుగుతున్న మనమే కదా? పెద్దపంజాణి భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 13.3 డిగ్రీల మీద ఉంది. అక్కడి నేల భూమి ఇరుసుకు 6,200 కిలోమీటర్ల దూరంలో, సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. ఢిల్లీలో నేల వేగం 408 మీటర్లే, ఎందుకంటే ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుసు దగ్గరవుతుంది. దాదాపు ఇదే అక్షాంశం మీద ఉన్న శ్రీహరికోట నుంచి తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఆ 450 మీటర్లు ఉచితంగా దక్కుతాయి. కక్ష్యకు కావలసిన వేగంలో అది ఆరు శాతం దాకా ఉంటుంది. క్రీ.శ. 499లో ఆర్యభటుడు ఆర్యభటీయంలో భూమి తిరుగుతోందని రాసినప్పుడు వచ్చిన ఎదురువాదం ఈ వేగం గురించే. భూమి అంత జోరుగా తిరిగితే ఎగిరిన పక్షులు తమ గూళ్లకు ఎలా చేరతాయని వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో అడిగాడు. పక్షీ, గాలీ, గూడూ అన్నీ ఒకే వేగంతో పోతున్నాయన్నది దానికి జవాబు. కానీ నడిచే మనిషి వేగంతో పోతున్న మట్టి సారె మీంచి ఊడిపోతుంటే తుపాకీ గుండంత వేగంతో పోతున్న మనం ఎందుకు ఊడిపోవడం లేదన్న ప్రశ్న దానికి లొంగదు.

సారె మీద ఇరుసుకు పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న మట్టి వేగం సెకనుకు ఒక మీటరు, దానికి కావలసిన లాగుడు దాని బరువు కన్నా కాస్త ఎక్కువ. మన వేగం 450 మీటర్లు, మనకు కావలసిన లాగుడు మన బరువులో దాదాపు మూడువందో వంతే. కారణం భూమి చుట్టు నెమ్మది. సారె నిమిషానికి వంద చుట్లు తిరిగితే భూమి రోజుకు ఒక్కటి. వేగం ఎంతైనా, దారి ఎంత మెలి తిరిగి ఉందన్నది కూడా లెక్కలోకి రావాలి. 6,200 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న దారి దాదాపు తిన్నటి దారే. అందువల్ల మొదట చెప్పిన మాటకు ఒక షరతు చేర్చాలి. చుట్ల లెక్క మారకుండా ఉంటే దూరం ప్రతి ప్రభావాన్నీ పెంచుతుంది. అదే వేగం మారకుండా ఉంటే దూరం ఆ లాగుడును తగ్గిస్తుంది. ఘాట్‌రోడ్డు మలుపు కన్నా హైవే వంపు సుఖమని ప్రతి డ్రైవరుకూ తెలుసు. సారె, ఇంజన్ చక్రం, పంపు ఈ మూడింట్లోనూ చుట్ల లెక్కను కర్రో, ఇంజనో, కరెంటో నిర్ణయిస్తాయి, అందుకే అక్కడ దూరానిదే పెత్తనం.

భూమి చుట్ల లెక్క మాత్రం ఎవరి చేతిలోనూ లేదు, కాబట్టి అక్కడ మూడో తీరు కనిపిస్తుంది. బయటి నుంచి ఎవరూ తిప్పని వస్తువులో జడత్వ భ్రామకాన్ని చుట్ల వేగంతో గుణిస్తే వచ్చే కోణీయ ద్రవ్యవేగం మారదు. పదార్థం ఇరుసు వైపు జరిగితే చుట్టు వేగం పెరిగి తీరాలి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చి, మన కోస్తాను కూడా సునామీ ముంచినప్పుడు భూమి లోపలి పదార్థం కొంత ఇరుసు వైపు సర్దుకుంది. దానివల్ల రోజు 2.68 మైక్రోసెకన్లు తగ్గి ఉండాలని నాసా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది కొలతకు అందనంత చిన్న మార్పు. చుట్టు వేగం పెరిగితే శక్తి కూడా పెరగాలి కదా, అదెక్కడిదంటే, పదార్థాన్ని లోపలికి లాగిన గురుత్వాకర్షణ చేసిన పని నుంచి వచ్చింది. కొలతకు బాగా అందే మార్పును గాలులు తెస్తాయి. తిరుపతి, చిత్తూరు దారిలో ఉన్న గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో పైగాలుల వేగాన్ని దశాబ్దాలుగా కొలుస్తున్నారు. అలాంటి గాలులు ప్రపంచమంతటా కలిసి తూర్పుకు జోరు పెంచుకున్నప్పుడు ఆ మేరకు భూమి చుట్టు నెమ్మదిస్తుంది, వాటి జోరు తగ్గితే భూమి పుంజుకుంటుంది. అలా ఋతువులతో పాటు రోజు నిడివి దాదాపు ఒక మిల్లీసెకను అటూ ఇటూ అవుతూ ఉంటుంది. సుమత్రా భూకంపం తెచ్చిన మార్పుకు అది కొన్ని వందల రెట్లు.